వీథిముఠాల నిరోధము: పోలీసుశాఖల పరస్పర సహకారము

నగరములయందలి కొన్ని పేటలను తమ ఎల్లలుగా భావించుకొని, ఒక పేరును, ఒక గుర్తును, ఒక వైరమును పంచుకొని, నేరమును తమ సామూహిక జీవనములో భాగముగా చేసికొన్న యువకుల సమూహమునకు వీథిముఠా యని పేరు. అట్టి ముఠాల హింసను అణచుటకై, వేర్వేరు ప్రభుత్వములకును వేర్వేరు చట్టములకును లోబడి పనిచేయు పోలీసు, ప్రాసిక్యూషన్, ప్రొబేషన్, కారాగార శాఖలు తమ సమాచారమును, సిబ్బందిని, అధికారములను ఒకచోటికి చేర్చి నడుపు కార్యక్రమము ఈ వ్యాసమునకు విషయము. ఈ పద్ధతి మిక్కిలి విస్తృతముగా పెరిగినదియు, తీవ్రమైన విమర్శకు గురియైనదియు, పరిశోధకుల పరీక్షకు లోనైనదియు అమెరికా సంయుక్త రాష్ట్రములలోనే గనుక వ్యాసము ప్రధానముగా ఆ దేశమునకు పరిమితము.

నిర్వచనములు

ముఠా యనగా నేమి యను ప్రశ్నకు చట్టములు ఏకకంఠముతో సమాధానము చెప్పుట లేదు. ఫెడరల్ శిక్షాస్మృతి ఐదుగురు లేక అంతకు మించినవారి కూటమి యుండవలె ననగా, కాలిఫోర్నియా రాష్ట్రచట్టము ముగ్గురు చాలునన్నది. నేరశాస్త్రజ్ఞులు సంఖ్యకంటె స్వభావమునకు ప్రాధాన్యమిచ్చి, దీర్ఘకాలము నిలుచునదియు, వీథిని ఆశ్రయించుకొని యుండునదియు, అక్రమకార్యములు తన గుర్తింపులో భాగమైనదియు అగు యువజన సమూహమునే ముఠా యనుచున్నారు. ఈ నిర్వచనముచే, ధనార్జనకై గూఢముగా పనిచేయు మాఫియా వంటి సంస్థలును (చూ. వ్యవస్థీకృత నేరము), కారాగారములలో పుట్టిన ముఠాలును వేరు తరగతులుగా నిలుచును.

సహకారము ఏల అవసరమయ్యెనో ఆ దేశపు పాలనావ్యవస్థను ఎరిగినవారికి సులభముగా బోధపడును. మన దేశమున ఒక రాష్ట్రమునకు ఒక పోలీసుశాఖ కలదు. అమెరికాలోనైతే, పట్టణమునకొక పోలీసుశాఖ, కౌంటీకొక షెరీఫు కార్యాలయము, రాష్ట్రమునకొక దళము, వీనిపై ఫెడరల్ సంస్థలు, కడకు విశ్వవిద్యాలయములకును పాఠశాలలకును సైతము ప్రత్యేక పోలీసులు, ఇట్లు సుమారు 18,000 శాఖలు ఒకదాని కొకటి లోబడక పనిచేయుచున్నవి. ముఠాలోని యువకుడు రెండు వీథులు దాటి మరియొక పట్టణపు ఎల్లలో కాల్పులు జరిపినచో, వాని పూర్వచరిత్ర ఒక శాఖవద్దను, వాడు వాడిన తుపాకి వివరము వేరొక శాఖవద్దను, వానిని షరతులపై విడిచిన న్యాయస్థానపు ఉత్తరువు మూడవ శాఖవద్దను ఉండును.

పూర్వరంగము

వీథిముఠాలపై తొలి శాస్త్రీయ గ్రంథము 1927లో వెలువడినది. షికాగో నగరమున 1,313 ముఠాలను పరిశీలించి ఫ్రెడరిక్ త్రాషర్ రచించిన ఆ గ్రంథము, నగరమధ్యపు వాణిజ్యభాగమునకును స్థిరపడిన నివాసపు పేటలకును నడుమ నున్న సంధిస్థలములలోనే ముఠాలు మొలకెత్తుచున్నవని నిరూపింప యత్నించెను. ఆనాటి ముఠాలలో అనేకము బాలుర ఆటగుంపులకు కొంచెము మించినవి మాత్రమే. 1960 దశాబ్ది చివర లాస్ ఏంజెలెస్‌లో క్రిప్స్ అను ముఠాయు, దాని నెదుర్కొనుటకు 1970 దశాబ్ది ఆరంభమున బ్లడ్స్ అను కూటమియు పుట్టినవి. 1980 దశాబ్ది మధ్యభాగమున క్రాక్ అను కొకైన్ రూపము వీథులలో విక్రయమునకు వచ్చుటయు, అర్ధస్వయంచాలక తుపాకులు చౌకగా దొరకుటయు ఏకకాలమున సంభవింపగా హత్యలు విపరీతముగా పెరిగెను.

తొలుత పోలీసులు ఒంటరిగానే పోరాడిరి. లాస్ ఏంజెలెస్ నగర పోలీసుశాఖ 'ఆపరేషన్ హేమర్' పేర 1988 ఏప్రిల్‌లో సుమారు వేయిమంది అధికారులను ఒక వారాంతమున దక్షిణభాగపు వీథులలోనికి పంపి 1,453 మందిని నిర్బంధించెను. వారిలో తీవ్రనేరములపై పట్టువడినవారు 60 మంది. అభియోగములు దాఖలైనవి 32 మాత్రమే. ఎవరు హంతకులో ఎరుగక వల విసరిన ఈ యుదంతము తరువాతి కాలమున ఏమి చేయరాదో బోధించు దృష్టాంతముగా నిలిచినది.

1992 జనవరిలో, సోవియట్ యూనియన్ పతనముతో గూఢచారనిరోధమున పని తగ్గిన 300 మంది ఏజెంట్లను ఫెడరల్ దర్యాప్తుసంస్థ యగు ఎఫ్.బి.ఐ. హింసాత్మక నేరముల దర్యాప్తునకు మరలించెను. ఆ సంవత్సరమే 'సేఫ్ స్ట్రీట్స్' అను పథకము ఆరంభమయ్యెను. దాని క్రింద ముఠాలపై పనిచేయు సంయుక్తదళములు కాలక్రమమున సుమారు 160కి పెరిగినవి. నేడు అమెరికాలో సహకారమన్నచో ముందుగా స్ఫురించు రూపము ఇదియే.

చట్టబద్ధమైన ఆధారములు

మాఫియాను దృష్టియందుంచుకొని 1970లో చేసిన 'రికో' శాసనము, ఒక సంస్థ పక్షమున పలువురు చేసిన వేర్వేరు నేరములను ఒకే కుట్రగా కూర్చి విచారించుటకు వీలు కల్పించెను. వీథిముఠాలకు దానిని వర్తింపజేయుట కొంత ఆలస్యముగా జరిగినది. కాలిఫోర్నియా 1988లో ముఠానేరములకు అదనపు శిక్షలు విధించు ప్రత్యేకచట్టమును చేయగా, తరువాత అనేక రాష్ట్రములు దాని ననుసరించినవి. ఆ చట్టపు విస్తృతిని అదే రాష్ట్రము 2021లో సవరణచే కుదించినది. భారతదేశమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత యందలి 111, 112 విభాగములు వ్యవస్థీకృత నేరమును నిర్వచించుచున్నవి.

సంయుక్తదళము: నిర్మాణము, పనితీరు

సంయుక్తదళమునకు మూలము ఒక లిఖితపూర్వకమైన ఒడంబడిక. ఏ శాఖ ఎందరిని పంపవలెను, వారి జీతము నెవరు చెల్లింపవలెను, దర్యాప్తులో పట్టువడిన సొమ్ము ఎట్లు పంచబడవలెను, పత్రికలతో మాటలాడు అధికార మెవరిది అను విషయములు దానిలో నుండును. స్థానికశాఖ తన మనిషి జీతమును భరించును. అదనపు గంటల భత్యమును సాధారణముగా ఫెడరల్ సంస్థ భరించును. స్థానిక అధికారికి ఫెడరల్ సహాయాధికారిగా ప్రమాణము చేయించుటతో, ఆతడు తన పట్టణపు ఎల్ల దాటియు అధికారము గలవాడగును. ఈ ప్రమాణము చూచుటకు లాంఛనమువలె తోచినను, దళము కదలుటకు ఆధారమిదియే.

దళములో ఒక్కొక్కరు తెచ్చునది ఒక్కొక్క విధమైన శక్తి. పేట పోలీసునకు ముఖములు తెలియును. ఎవని అన్న ఎవనిచే చంపబడెనో, ఎవడు ఎవని వీథిలో అడుగిడడో తెలియును. ఏ.టి.ఎఫ్. అను ఆయుధముల శాఖ తుపాకి తొలి విక్రయమువరకు జాడ తీయగలదు. నేరస్థలమున దొరకిన తూటాగుండ్ల గొట్టములపై గీతలను జాతీయ చిత్రకోశములో పోల్చి, వేర్వేరు పట్టణములలో జరిగిన కాల్పులు ఒకే తుపాకివని చెప్పగలదు. ఎఫ్.బి.ఐ.కి న్యాయస్థానపు అనుమతితో టెలిఫోను సంభాషణలను వినుటకు పరికరములును, సాక్షులను వేరొకచోట నివసింపజేయుటకు వలయు ధనమును కలవు. ప్రాసిక్యూటరు మొదటి దినమునుండి దళముతో కూర్చుండును. లేనిచో నెలల తరబడి చేసిన దర్యాప్తు సాక్ష్యనియమములకు నిలువక వీగిపోవును.

పలుశాఖలు ఒకే వీథిలో మఫ్టీలో తిరుగుట వలన కలుగు ప్రమాదమొకటి బయటివారికి అంతగా తెలియదు. ఒక శాఖకు చెందిన గూఢాధికారి మాదకద్రవ్యములు కొను నటనలో నుండగా, మరియొక శాఖవారు ఆతనినే నిజమైన నేరస్థుడని భ్రమించి తుపాకి ఎక్కుపెట్టవచ్చును. దీనిని వారించుటకు ప్రతిదళము తాను ఏ తేదీన ఏ గంటకు ఎచ్చట దాడి చేయనున్నదో ఒక ప్రాంతీయ కేంద్రమునకు ముందుగా తెలుపును. అదే స్థలమున అదే వేళకు మరియొక శాఖ నమోదైయున్నచో కేంద్రము ఇరువురను హెచ్చరించును. దాడి ఏమిటో, ఎవరిపైనో చెప్పనవసరము లేదు. పరస్పరము రహస్యములు పంచుకొన నొల్లని శాఖలు సైతము తమ మనుషుల ప్రాణములకొఱకు ఈ ఏర్పాటునకు సమ్మతించుచున్నవి.

శాఖల నడుమ అసూయలు సహజము. ఎవరి లెక్కలో అరెస్టు చేరవలెను, ఎవరి వేగు ఎవరికి చెప్పవలెను అను వివాదములతో చీలిన దళములు కలవు. ఒడంబడిక దీనిని కొంతవరకే నివారింపగలదు. ఒకే గదిలో బల్లలు వేసికొని పనిచేయు దళములలో ఈ బాధ తక్కువయని అనుభవజ్ఞుల సాక్ష్యము.

బోస్టన్ పద్ధతి

పైన వర్ణించిన దళములు ప్రధానముగా దర్యాప్తునకును శిక్షకును ఏర్పడినవి. సహకారము వలన హత్యను ముందే ఆపవచ్చునా యను ప్రశ్నను గట్టిగా పరీక్షించిన నగరము మసాచుసెట్స్ రాష్ట్రములోని బోస్టన్. 1990లో ఆ నగరమున 152 హత్యలు జరిగెను. 1991 మొదలు 1995 వరకు 24 ఏండ్లు, అంతకు లోపు వయసువారు ఏటేట సగటున 44 మంది హత్యకు గురియైరి.

సహకారమునకు తొలిబీజము డార్చెస్టర్ న్యాయస్థానపు వసారాలలో పడినది. ప్రొబేషన్ అధికారులనగా, శిక్షకు బదులు షరతులపై విడువబడినవారిని కనిపెట్టుచుండువారు. రాత్రి ఎనిమిది గంటల తరువాత ఇల్లు కదలరాదని న్యాయమూర్తి ఉత్తరువిచ్చినను, కచేరీ వేళలలో మాత్రమే పనిచేయు ఆ అధికారి దానిని పరీక్షింపలేడు. రాత్రులు తిరుగు పోలీసునకు ఆ కుర్రవాడు వీథి మొగలో కనబడును గాని, వానిపై ఉత్తరువున్నట్లు తెలియదు. తెలిసినను దానిని అమలుజరుపు అధికారము లేదు. 1992లో 'నైట్ లైట్' అను పేర వారిరువురు ఒకే కారులో తిరుగసాగిరి. తలుపు తట్టినప్పుడు తల్లి వచ్చి తీయుట, కుర్రవాడు లోపలినుండి కనబడుట, అధికారి రెండు మాటలాడి పుస్తకములో వ్రాసికొని వెడలుట, జరిగినది ఇంతమాత్రమే. తమ కుమారుడు రాత్రి యింటనుండుటకు ఒక సాకు దొరకినదని సంతసించిన తల్లులు పెక్కురు. నేస్తులు పిలిచినప్పుడు పిరికివాడనిపించుకొనక తప్పించుకొనుటకు ఆ సాకు కుర్రవానికిని ఉపకరించెను.

అదే 1992 మే మాసమున మాటపాన్ పేటలోని ఒక చర్చిలో, హతుడైన యువకునికి అంత్యప్రార్థన జరుగుచుండగా ముఠావారు లోనికి చొరబడి ఒక కుర్రవానిని పొడిచిరి. నల్లజాతి మతబోధకులు కొందరు ఈ ఘోరము వలన కదలి 'టెన్ పాయింట్ కొయలిషన్' అను సంఘమును స్థాపించిరి. అంతవరకు పోలీసులను నిష్ఠురముగా విమర్శించిన వీరు పోలీసులతో కలసి పనిచేయుటకు సమ్మతించుటచే, పేటలలో ఆ కార్యక్రమమునకు వేరేవిధముగా లభింపని మన్నన లభించెను.

1995 నుండి హార్వర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు డేవిడ్ కెన్నెడీ, ఆంథొనీ బ్రాగా, ఆన్ పీల్ అనువారు ఈ శాఖలతో కూర్చుండిరి. వారు చేసిన పని మిక్కిలి సామాన్యముగా కనబడును. బల్లపై నగరపటమును పరచి, పోలీసులను, ప్రొబేషన్ అధికారులను, వీథికార్యకర్తలను చుట్టును కూర్చుండబెట్టి, ఏ ముఠా ఏ వీథులది, ఎవరికి ఎవరితో వైరము, ఎవరితో పొత్తు అని అడిగి పటముపై గీయించిరి. పిదప 1990-94 నడుమ తుపాకిచేతను కత్తిచేతను హతులైన 21 ఏండ్లు, అంతకు లోపు వయసుగల 155 మంది పేర్లను ఒక్కొక్కటిగా చదివి, ఈ హత్య ఎందువలన జరిగెనని అడిగిరి. తేలినదేమనగా, ముఠాలు 61. వానిలోని వారు సుమారు 1,300 మంది. నగరపు యువజనములో నూటికొక పాలైనను లేని వీరివలననే యువకుల హత్యలలో కనీసము నూటికి 60 జరుగుచుండెను. హతులలోను హంతకులలోను నూటికి సుమారు 75 మంది అంతకుముందే న్యాయస్థానమున నిలిచినవారు. మాదకద్రవ్యముల వాణిజ్యమే హత్యలకు కారణమని తలచుచుండిన నగరమునకు, పాతపగలే ప్రధానకారణమని ఈ పటము చూపెను. చంపువాడును చచ్చువాడును ఒకే పటముపై ఒకే గీతకు ఇరువైపుల నుండిరి.

ఈ జ్ఞానముపై 'ఆపరేషన్ సీస్‌ఫైర్' నిలిచినది. 1996 మే మాసమున డార్చెస్టర్ న్యాయస్థానములో తొలిసమావేశము జరిగెను. ప్రొబేషన్ షరతు ప్రకారము రావలసిన ముఠాసభ్యులు ఒకవైపు కూర్చుండిరి. ఎదుట నగరపోలీసు, జిల్లా అటార్నీ, ఫెడరల్ ప్రాసిక్యూటరు, ఏ.టి.ఎఫ్., ప్రొబేషన్, బాలనేరస్థుల శాఖ, వీథికార్యకర్తలు వరుసగా నుండిరి. ఇకపై హత్య జరిగినచో హంతకుని మాత్రమే కాక ఆతని ముఠా మొత్తమును అన్ని శాఖలును ఏకముగా పట్టుకొనుననియు, చదువు, ఉద్యోగము, రక్షణ కావలసినవారికి అదే గదిలో నున్నవారు సాయపడుదురనియు వారికి చెప్పబడెను. ఒక కరపత్రమును పంచిరి. పూర్వనేరముల చరిత్ర గల ఒక ముఠామనిషి ఒకే ఒక్క తూటాతో పట్టువడి, ఫెడరల్ చట్టము క్రింద పరోల్ లేని 19 ఏండ్ల 7 నెలల కారాగారశిక్ష పొందిన వృత్తాంతము దానిపై ముద్రింపబడియుండెను. రాష్ట్రన్యాయస్థానమున స్వల్పశిక్షతో ముగియదగిన నేరము ఫెడరల్ న్యాయస్థానమున ఎట్లు పరిణమించునో, ఆ కాగితమును చేతబట్టుకొన్నవారికి వేరుగా వివరింపనక్కర లేకపోయెను.

ఆ వేసవిలో ఇంటర్వేల్ వీథి ముఠా ఈ హెచ్చరికను పెడచెవిని పెట్టినది. ఆగస్టులో ఆ ముఠా ముఖ్యులను ఫెడరల్ అభియోగములపై నిర్బంధించి, పిదప జరిగిన సమావేశములలో ఆ సంగతిని ఇతర ముఠాలకు ఎరుకపరచిరి. 24 ఏండ్లు, అంతకు లోపు వారి హత్యలు 1996లో 26కును 1997లో 15కును దిగెను. 2001లో వెలువడిన మూల్యాంకనము, నెలసరి యువజనహత్యలలో నూటికి 63 తరుగుదలకు ఈ కార్యక్రమముతో సంబంధము కలదని నిర్ణయించెను.

దేశాంతర సహకారము

1980లలో ఎల్ సాల్వడార్ అంతర్యుద్ధమునుండి పారివచ్చిన కుటుంబముల పిల్లలు లాస్ ఏంజెలెస్‌లో ఎమ్.ఎస్.-13 అను ముఠాను ఏర్పరచిరి. 1992లో ఆ యుద్ధము ముగిసినపిదపను, 1996 నాటి వలసచట్టము అనంతరమును, శిక్షితులను పెద్దసంఖ్యలో స్వదేశమునకు పంపుటచే ఆ ముఠా ఎల్ సాల్వడార్, హోండురాస్, గ్వాటెమాలా దేశములలో వేరూనుకొనెను. ఒక నగరము తన సమస్యను విమానములో నెక్కించి పంపగా, కొన్నేండ్లకు అది మరింత బలము పుంజుకొని తిరిగివచ్చిన దృష్టాంతమిది. ఎఫ్.బి.ఐ. 2004లో ఈ ముఠాకై ప్రత్యేక జాతీయదళమును, 2007లో ఎల్ సాల్వడార్ పోలీసులతో కలసి ఆ దేశముననే ఒక సంయుక్తవిభాగమును నెలకొల్పి, తరువాత దానిని పొరుగు దేశములకు విస్తరించెను. నేరస్థుల వ్రేలిముద్రలను పంచుకొనుట ఇందు ముఖ్యమైన పని.

సమాచారసంచయములు, వాని దోషములు

సహకారమునకు ప్రాణము సమాచారము; దాని అపాయమును అచ్చటనే యున్నది. మొదట లెక్కలే పొంతన కుదురవు. ఎఫ్.బి.ఐ. 2011 నివేదిక దేశమున 33,000 ముఠాలు, 14 లక్షల సభ్యులు కలరని చెప్పగా, 2012 నాటి జాతీయ యువముఠాసర్వే 30,700 ముఠాలు, 8,50,000 సభ్యులని అంచనా వేసెను. ఒక లెక్క కారాగారముఠాలను, మోటారుసైకిలు ముఠాలను కలుపుకొనగా, రెండవది వానిని వదలివేయుటయే ఈ భేదమునకు ముఖ్యకారణము.

పేర్ల పట్టికల సంగతి ఇంతకంటె గంభీరము. కాలిఫోర్నియా పోలీసుశాఖలు 'కాల్‌గ్యాంగ్' అను ఉమ్మడికోశమును వాడుచున్నవి. పచ్చబొట్టు, దుస్తులరంగు, ముఠావారితో కలసి తిరుగుట, తానే యొప్పుకొనుట మున్నగు గుర్తులనుబట్టి, నేరము ఋజువు కాకున్నను ఒక మనుజుని పేరు అందు చేర్చవచ్చును. రాష్ట్ర ఆడిటరు 2016లో ఆ కోశమును పరీక్షింపగా, పేరు చేర్చు నాటికి ఒక ఏడైనను నిండనట్లు నమోదైన 42 మంది కానవచ్చిరి; వారిలో 28 మంది తాము ముఠాసభ్యులమని స్వయముగా ఒప్పుకొన్నట్లు వ్రాయబడియుండెను. జన్మదినములు తప్పుగా ఎక్కినవనుట స్పష్టమే. ఒక శాఖ వ్రాసిన తప్పును పదిశాఖలు నమ్ముటయే ఉమ్మడికోశపు స్వభావము గనుక, ఒక తల్లి తన కుమారుని పేరు అందుండుట ఎరుగక, ఎరిగినను తొలగించు మార్గము దొరకక యేండ్లు గడపవలసివచ్చెడిది. 2020లో, లాస్ ఏంజెలెస్ పోలీసులు చేర్చిన పేర్లను ఇతరశాఖలు వాడరాదని రాష్ట్ర అటార్నీ జనరల్ నిషేధించెను. తెలుగు పాఠకులకు ఇందుకు సన్నిహితమైన పోలిక ఠాణాలలోని రౌడీషీటు, పేరు ఎక్కుట ఎంత తేలికయో తీసివేయుట అంత కష్టమను ఫిర్యాదు అచ్చటను ఇచ్చటను ఒక్కటే (చూ. రౌడీషీటు).

అదుపులేని ప్రత్యేకదళము ఎట్లు చెడునో లాస్ ఏంజెలెస్ పోలీసుశాఖలో ముఠాలపై పనిచేసిన 'క్రాష్' విభాగము నిరూపించెను. రాంపార్ట్ ఠాణాలో ఆ విభాగపు కొందరు అధికారులు దొంగసాక్ష్యములు సృష్టించిరని 1999లో బయటపడగా, వందకు పైగా శిక్షలు రద్దుచేయబడెను. 2000లో ఆ విభాగమునే తొలగించిరి. వలసశాఖతో పోలీసుల సహకారమును ఒక వివాదమే. తమ్ముని చంపినవాని నెరిగియు, సాక్ష్యము చెప్పినచో తన తల్లిదండ్రులు దేశమునుండి పంపివేయబడుదురని భయపడువాడు నోరు విప్పడు. ఈ కారణమున, వలసస్థితి తెలిసికొనుటకై ఎవరిని ఆపరాదని లాస్ ఏంజెలెస్ శాఖ 1979లోనే ఆజ్ఞ జారీచేసియుండెను.

ఫలితముల పరిశీలన

అరెస్టుల సంఖ్యతో సంయుక్తదళముల ప్రయోజనమును కొలుచుట తేలికయే గాని, హత్యలు తగ్గినవా యను ప్రశ్నకు అది సమాధానము కాదు. నాయకులను ఒక్కసారిగా తొలగించినచోట ఖాళీయైన స్థానమునకై చిన్నముఠాలు కలహించి హింస పెరిగిన సందర్భములును కలవు. బోస్టన్ ఫలితములపైనను భిన్నాభిప్రాయములున్నవి. ఆ సంవత్సరములలో దేశమంతటను హత్యలు తగ్గినవి గనుక, తరుగుదల అంతయు కార్యక్రమమునకే ఆరోపింపరాదని జాతీయ పరిశోధనామండలి సంఘము అభిప్రాయపడెను. 2000 తరువాత బోస్టన్‌లో ముఖ్యాధికారులు వేరుపనులకు మారగా, మతబోధకుల నడుమ విభేదములు రాగా, కార్యక్రమము సడలి హత్యలు మరల పెరిగెను.

ఇదే పద్ధతిని సిన్సినాటి 2007లోను, కాలిఫోర్నియాలోని ఓక్‌లండ్ 2012లోను స్వీకరించినవి. ఓక్‌లండ్‌లో తుపాకిహత్యలు నూటికి 31 తగ్గినట్లు 2019లో ప్రకటింపబడిన అధ్యయనము తేల్చినది. మహమ్మారి సంవత్సరములలో అచ్చటను పట్టు సడలినది. మొదటి పద్ధతినుండి నగరము తొలగిపోయెనని 2024 జనవరిలో వెలువడిన సమీక్ష తెలుపగా, అధికారులు దానిని పునరుద్ధరించిరి. వారమునకొక మారు అచ్చట పోలీసులును సహకరించు ఇతరశాఖలవారును ఒక బల్లచుట్టు చేరి, ఆ వారమున జరిగిన ప్రతి కాల్పును, ఎవరును మరణింపని కాల్పులను సైతము, ఒక్కొక్కటిగా చదువుదురు. కాల్చబడినవాడు ఎవరివాడు, వానికై బదులు తీర్చుకొన గలవారెవరు, వారిలో ఒక్కొక్కనితో నేటిసాయంకాలము మాటలాడ గలవారెవరు అను మూడు ప్రశ్నలు ప్రతి పేరునకును వేయబడును.